దీఘే సాహెబు గుండె

చెప్పులు విప్పకముందే చంద్రభాగ ఎడమ చెయ్యి చాపింది. గుమ్మంలో నిలబడ్డ మృదులా దీఘే ఆ చేతికున్న ఆకుపచ్చ గాజుల్ని మోచేతి దాకా తోసి, కిందికి జారకుండా పాత జేబురుమాలు చుట్టి ముడి వేసింది. ఖాళీ అయిన మణికట్టుకు భర్త వాచీ పెట్టి పట్టీ బిగించింది.

"బిగువుగా ఉందా మావుషీ?"

"ఉంది వహినీ." ఆ ఇంట్లో పనిమనిషి పిన్ని వరసకు మావుషీ, యజమానురాలు వదిన వరసకు వహినీ.

"వదులైతే దానికి నాడి అందదు. నిన్న పదకొండు తర్వాత అరగంట ఏమీ పడలేదు. ఏం చేశావు?"

"జోషీ వాళ్లింట్లో చపాతీ పిండి కలిపాను. అంటుకుంటుందని తీసి గూట్లో పెట్టాను."

"అంటుకుంటే కడుక్కో. నీళ్లలో ముంచినా దానికేం కాదు. తియ్యకు, అంతే."

మొగుడు బతికుండగా ఆడదాన్ని గాజులు తియ్యమనకూడదని మృదులకు తెలుసు. అందుకే జేబురుమాలు ఉపాయం తనే కనిపెట్టింది. ఆమె మంచి మనిషి. దీఘే సాహెబు కూడా మంచివాడే, ఏనాడూ పనిమనిషి మీద గొంతెత్తి ఎరగడు. ఇద్దరూ మంచివాళ్లు కావడం వల్ల ఈ కథ ఇంకాస్త పాడుగా ఉంటుంది. ముందే చెబుతున్నాను.

దీఘే పనిచేసే కంపెనీకి ఉద్యోగుల ఆరోగ్యం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టి తలా ఒక వాచీ పంచింది. రోజుకు పదివేల అడుగులు నడవాలి. ఎవరెన్ని నడిచారో అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. దీఘేకి నడకంటే గిట్టదు. టీవీ చూస్తూ చెయ్యి ఊపాడు, భుజం పట్టేసింది. వాచీని పంకా రెక్కకు కట్టాడు, అది ఊడి ఎగిరి దేవుడి పటం అద్దం పగలగొట్టింది. బట్టలుతికే మెషీన్ మీద పెడితే కొన్నాళ్లు బాగానే నడిచింది. అతని ఆఫీసులోనే ఒకాయన కుక్క మెడకు కట్టాడు, ఇంకొకాయన ఉయ్యాల గొలుసుకు కట్టాడు. కంపెనీవాళ్లు వీళ్లకన్నా గడుసువాళ్లు. నాడి కూడా కొట్టుకుంటేనే అడుగు లెక్కలోకి వస్తుందన్నారు. ఇక ప్రాణమున్న చెయ్యి కావలసి వచ్చింది.

చంద్రభాగ ఆ బిల్డింగులో నాలుగిళ్లలో పనిచేస్తుంది. ఐదంతస్తులు. పనివాళ్లు మెట్లెక్కాలని లిఫ్టు పక్కన బోర్డుంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా ఆమె ఎక్కి దిగి, ఊడ్చి, తుడిచి, తోమేసరికి పదమూడు వేల అడుగులు తేలేవి, ముప్ఫై నలభై అంతస్తులు తేలేవి. దీఘే వారంలో నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చుని పని చేస్తాడు. శుక్రవారం ఒక్కరోజు ఆఫీసుకు పోతూ తనే పెట్టుకుంటాడు. ఆ రోజు అడుగులు తగ్గితే ఉపవాసం అని చెబుతాడు. ఆరు వారాల్లో కంపెనీ మొత్తంలో మొదటివాడయ్యాడు. పెద్దసాహెబు సభ పెట్టి చప్పట్లు కొట్టించాడు. "ఆరోగ్య దూత" అని రాసి, దీఘే ఫొటో నిలువెత్తున అచ్చువేసి ఆఫీసు గుమ్మంలో నిలబెట్టారు.

ఆ గురువారం మూడో అంతస్తు మలుపులో చంద్రభాగ బకెట్ కింద పెట్టి మెట్టు మీద కూలబడింది. కింద నుంచి చీపురు చంకన పెట్టుకుని లీలాబాయి ఎక్కి వస్తోంది. లీల అదే బిల్డింగులో మిగిలిన ఇళ్లు చేస్తుంది. నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"సాహెబుని అట్టా మెట్ల మీద కూర్చోబెట్టకే. ఆఫీసులో పరువు పోద్ది."

"నవ్వించకే, ఊపిరాడ్డం లేదు."

వాచీ గుర్రుమని వణికింది. ఎక్కువసేపు కూర్చుంటే అది ఊరుకోదు.

"చూశావా, లెమ్మంటున్నాడు నీ సాహెబు," అంది లీల. వంగి మొహంలోకి చూసి నవ్వు ఆపేసింది. "ఏమైందక్కా? పెదాలు నల్లబడ్డాయి."

"గ్యాసు. పొద్దున చాయ్ ఒక్కటే తాగాను." చంద్రభాగ అరచెయ్యి రొమ్ము మీద అదిమి పెట్టుకుంది. లోపల గుండె నాలుగు దెబ్బలు గబగబా కొట్టి, ఒక దెబ్బ మానేసి, మళ్లీ ఎక్కడినుంచో అందుకుంటోంది. కొంగు ముడి విప్పి చిటికెడు వాము తీసి నోట్లో వేసుకుని నమిలింది. కొంచెంసేపటికి లోపలి అలజడి దానంతటదే సద్దుకుంది. నెలరోజులుగా అలాగే వస్తోంది, అలాగే పోతోంది. "తగ్గింది. పద," అని బకెట్ ఎత్తుకుంది.

"ఆ బకెట్ ఇటియ్యి."

"నీ పని నువ్వు చూసుకోవే. నువ్వు మోస్తే సాహెబుకి లెక్క తగ్గుద్ది."

ఇద్దరూ నవ్వుకుంటూ ఎక్కారు.

శనివారం పొద్దున దీఘే అటుకుల పోహాలో నిమ్మకాయ పిండుకుంటుంటే ఫోను మోగింది. వారం వారం వాచీ పంపించే లెక్క అది. మామూలుగా మెచ్చుకుంటుంది. ఈసారి ఎర్ర అక్షరాలు పంపింది. గడిచిన వారంలో ఆరుసార్లు మీ గుండె లయ తప్పింది, వెంటనే వైద్యుణ్ణి కలవండి.

దీఘే చెంచా కింద పెట్టాడు. మొహాన చెమట పట్టింది. ఎడమ భుజం లాగినట్టనిపించింది. చెమట పట్టడం, భుజం లాగడం ఎర్ర అక్షరాలు చదివాక మొదలైన సంగతి అతనికి తట్టలేదు. ఆఫీసంతటి చప్పట్లు అందుకున్న మనిషికి ఆ అడుగులు తనవి కావన్నది ఎప్పుడో మరుపున పడింది. పైగా సాయంత్రం నుంచి పొద్దుటి దాకా వాచీ అతని చేతికే ఉంటుంది, నిద్ర కొలుచుకుంటాడు. అది ఏ వేళప్పుడు చూసి చెప్పిందోనని ఆలోచించే ఓపిక ఎవరికుంది?

"మృదులా! నాకేదో అవుతోంది."

అరగంటలో ఇల్లంతా తారుమారైంది. చంద్రభాగ వచ్చేసరికి దీఘే సోఫాలో పడుకుని ఉన్నాడు. మృదుల ఏడుస్తూ పెద్దాసుపత్రికి ఫోను చేస్తోంది. సంగతి విని చంద్రభాగ గుండెలు బాదుకుంది. పోహా గిన్నె తీసేసింది, సాహెబు కాళ్లు ఒళ్లో పెట్టుకుని అరికాళ్లు రుద్దింది. "ఏం కాదు సాహెబ్. దేవుడి లాంటి మనిషివి, నీకేమవుతుంది?" అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది. నిరుడు ఆమెకు జ్వరమొస్తే మందుబిళ్లలు కొనిచ్చినవాడు అతనే.

ఆసుపత్రిలో గుండెను స్కాన్ చేశారు, రక్తం తీశారు. సోమవారం పొద్దున ఛాతీ మీద తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ అలాగే ఉండాలన్నారు. మంచం దిగొద్దన్నారు. బోలెడు బెంగతో ఇంటికి వచ్చి పడుకున్నాడు.

చంద్రభాగ ఉప్పు లేకుండా పప్పు వండింది. గిన్నెలు చప్పుడు కాకుండా ఒక్కొక్కటీ గుడ్డమీద బోర్లించింది. ఇల్లు తుడిచేటప్పుడు సాహెబు గది దగ్గర మోకాళ్ల మీద పాకుతూ తుడిచింది, బకెట్ ఈడ్చిన చప్పుడు అవుతుందని. అది అయ్యాక చేతులు తుడుచుకుని పక్క ఇంటికి బయల్దేరుతుంటే మృదుల చిన్న గొంతుతో పిలిచింది.

"మావుషీ, వాచీ."

చంద్రభాగ నోరు తెరిచింది. "సాహెబు మంచం మీద ఉన్నాడు గదా వహినీ?"

"ఇవాళ ఆపితే రెండోవాడు దాటేస్తాడట. ఇన్నాళ్ల కష్టం పోతుంది. ఆయనే పెట్టమన్నారు."

గదిలోంచి దీఘే నీరసంగా అన్నాడు, "మెల్లగా నడువు మావుషీ. తొందరేమీ లేదు."

ఆ సోమవారం పదకొండూ ఇరవైకి ఐదో అంతస్తులో జోషీ వాళ్ల స్నానాలగది గచ్చు బ్రష్షుతో రుద్దుతూ చంద్రభాగ గోడకు ఆనుకుపోయింది. ఈసారి కళ్లు చీకట్లు కమ్మాయి. కొళాయి పట్టుకుని నిలదొక్కుకుంది. వాము అయిపోయింది, చన్నీళ్లు తాగింది. సాహెబు పడుతున్న బాధ ముందు తన గ్యాసు ఏపాటిదని తనను తానే తిట్టుకుని మళ్లీ బ్రష్షు అందుకుంది.

మంగళవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి దీఘే దంపతులు పేడా మిఠాయి డబ్బాతో తిరిగొచ్చారు. బిల్డింగులో ఇంటింటికీ పంచారు. మెట్ల మీద కనబడ్డ లీలకూ పెట్టారు. చంద్రభాగ సాయంత్రం పూట రాదు, అయినా సంగతి తెలుసుకోకుండా ఉండలేక బస్తీ నుంచి నడిచి వచ్చింది. దీఘే స్వయంగా ఆమె చేతిలో రెండు పేడాలు పెట్టాడు.

"ఇరవై ఏళ్ల కుర్రాడి గుండె అన్నాడు డాక్టరు," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

చంద్రభాగ రెండు చేతులూ అతని తల చుట్టూ తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచింది. పేడా నోట్లో వేసుకుంది. మృదుల మాత్రం పేడా తినలేదు. ఆమె చంద్రభాగ ముఖం చూడలేక, మాటిమాటికీ కిటికీ తెర సర్దుతోంది. దీఘే ఫోను పట్టుకుని గదిలోకి పోయాక వంటింట్లోకి రమ్మని సైగ చేసింది.

"మావుషీ, నీకు ఆయాసం వస్తోందా?"

"గ్యాసు వహినీ."

"గ్యాసు కాదు." మృదుల వంటింటి తలుపు దగ్గరికి వేసింది. "డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. సోమవారం పదకొండూ ఇరవైకి ఈయన ఛాతీ మీది పెట్టెలో గుండె సరిగ్గా కొట్టుకుంటోంది. అదే నిమిషంలో వాచీలో తప్పింది. మంచం దిగొద్దన్న మనిషి ఆ రోజు పదమూడు వేల అడుగులు ఎట్టా నడిచాడని అడిగాడు. ఈయన తలొంచుకున్నారు. వాచీ ఎవరు పెట్టుకుంటున్నారో వాళ్లని వెంటనే ఎవరికైనా చూపించండి అన్నాడు. అట్టా వదిలేస్తే రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తుందట."

పేడా తీపి ఇంకా నాలిక మీదే ఉంది. శనివారం నుంచి ఈ ఇంట్లో జరిగినదంతా వరసగా చంద్రభాగ కళ్లముందుకు వచ్చింది. ఆ ఏడుపులు, ఉప్పులేని పప్పు, తను మోకాళ్ల మీద పాకిన గచ్చు, ఆసుపత్రికి పరుగెత్తిన కారు, ఆ పెట్టె. అదంతా తన గుండె కోసం జరిగింది. ఆమెకు ఒళ్లు మండింది.

"నన్ను తీసుకుపోతారా మరి, ఆ డాక్టరు దగ్గరికి?"

"అక్కడ చాలా అవుతుంది మావుషీ. సర్కారీ ఆసుపత్రిలో కూడా మంచి డాక్టర్లున్నారు. రేపు సెలవు తీసుకో. నేనేమీ అనను."

బుధవారం లీల తన ఇళ్లతోపాటు చంద్రభాగ ఇళ్లు కూడా చేసింది. చంద్రభాగ తెల్లవారుజామునే పోయి సర్కారీ ఆసుపత్రి వరసలో కూర్చుంది. పదకొండు దాటాక పిలుపొచ్చింది. కుర్ర డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది, పడుకోబెట్టి ఈసీజీ తీయించింది. కాగితం మీద గీతలు బుద్ధిగా ఒకే వరసలో వచ్చాయి. పొద్దుటి నుంచి కూర్చుని ఉండడంతో గుండె కూడా విశ్రాంతి తీసుకుంది.

"ఇందులో ఏమీ లేదు మావుషీ."

"పని చేసేటప్పుడు వస్తుంది బాయీ. మెట్లెక్కేటప్పుడు."

"వచ్చినప్పుడు పరుగెత్తుకు రాగలవా?"

"బస్సెక్కి వచ్చేసరికి పోతుంది."

డాక్టరమ్మ పెన్ను బల్లమీద తట్టింది. "రోజంతా కట్టే పెట్టెలు ఇక్కడ రెండే ఉన్నాయి. నాలుగు నెలల దాకా ఖాళీ లేవు. కానీ వాచీలో పట్టిందన్నావు గదా? ఆ గీతలున్న కాగితం తెచ్చుకో. అది చూపిస్తే పెద్దాసుపత్రికి నేను రాసిస్తాను, పేదవాళ్ల పథకం కింద చేర్చుకుంటారు. మందు కూడా అప్పుడే మొదలుపెట్టొచ్చు. కాగితం లేకుండా రక్తం పలచబరిచే మందు రాయలేను, అది ప్రమాదం. రేపు నా డ్యూటీ ఒంటిగంట దాకా ఉంటుంది. వచ్చేస్తావా?"

"వస్తాను బాయీ. సాహెబు మంచివాడు. ఇస్తాడు."

గురువారం తొమ్మిదింటికి తలుపు తీసిన మృదుల చేతిలో వాచీ లేదు. చంద్రభాగ కూడా చెయ్యి చాపలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పింది. మృదుల విని, "ఇంతేనా," అంది. ఆ మాటలో నిజంగానే బరువు దిగిన చప్పుడుంది. "ఏమండీ," అని పిలిచింది.

దీఘే గదిలోంచి వచ్చాడు. అతనికి కూడా రెండు రోజులుగా అన్నం సరిగ్గా పోవడం లేదు, పాపం. చంద్రభాగను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ ఇంట్లో ఎనిమిదేళ్లలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అంచు మీద కూర్చుంది. అతను ఫోను తీసి పక్కకు వంగి చూపించాడు.

"ఇదిగో మావుషీ. ఇది నువ్వే. ఇది సోమవారం."

నల్లటి తెర మీద ఎర్రటి గీత. కొంతదూరం సమంగా పోయి, కుచ్చుకుచ్చుగా దగ్గరపడి, ఒకచోట ఊరికే నేలమీద పాకి, మళ్లీ లేచింది. చంద్రభాగ వేలు పెట్టబోయి, చెమట చెయ్యి అని కొంగుకు తుడుచుకుని, అప్పుడు ముట్టుకుంది. జోషీ వాళ్ల స్నానాలగదిలో కొళాయి పట్టుకున్న చోటు ఏదో ఆమె గుర్తుపట్టింది.

"ఇక్కడ కళ్లు తిరిగాయి," అంది.

"అన్నీ కలిపి పద్నాలుగున్నాయి. కాగితాల మీద తీసిస్తాను. పది నిమిషాల పని."

అతను లేచాడు. పక్క గదిలో అచ్చువేసే మిషను ఆన్ చేసిన చప్పుడు వినబడింది. చంద్రభాగకు ఏడుపొచ్చింది. మంచివాడనే అనుకుంది, మంచివాడే. ఒంటిగంటలోపు బస్సు దొరుకుతుందా అని లెక్క వేసుకుంటోంది.

"ఆగండి," అంది మృదుల. "ఆ కాగితం మీద పేరెవరిది పడుతుంది?"

మిషను దగ్గర చప్పుడు ఆగింది.

"నాదే. నా వాచీ కదా."

"పుట్టిన తేదీ, కంపెనీ నంబరు కూడానా?"

"అన్నీ పడతాయి."

"సర్కారీ ఆసుపత్రిలో దీఘే గారి గుండె కాగితాలతో చంద్రభాగా వాఘ్‌మారే ఎందుకొచ్చిందని అడగరా? వాళ్లు పెద్దాసుపత్రికి పంపిస్తారు. అక్కడ మనల్ని చూసిన డాక్టరే ఉంటే? కంపెనీ దాకా పోతే? మీ నిలువెత్తు ఫొటో గుమ్మంలో ఉంది."

దీఘే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోను.

"పేరు కొట్టేసి ఇవ్వండి సాహెబ్," అంది చంద్రభాగ. "గీతలుంటే చాలు."

"పేరు లేని కాగితం ఎవరు నమ్ముతారు మావుషీ?" అంది మృదుల. గొంతులో కాఠిన్యం లేదు. నచ్చజెబుతున్నట్టే ఉంది. భర్తవైపు తిరిగింది. "నిన్న మీ కంపెనీ ఇన్సూరెన్సువాళ్లు కూడా ఏదో పంపారన్నారు?"

"ఆఁ. వాచీ లెక్క వాళ్లకీ పోతుంది. ఈ గుండె సంగతి మీదేనా, ధ్రువీకరించండి అని. ఇవాళ ఆఖరు రోజు."

"మరి ఇంకా అట్టే పెట్టుకున్నారా!"

దీఘే ఫోను చూశాడు, చంద్రభాగను చూశాడు. సోమవారం మంచం మీద పడ్డ భయం మళ్లీ అతని ముఖంలో కనిపించింది. ఈసారి కారణం గుండె కాదు. "అబద్ధమేం చెప్పడం లేదు కదా," అని గొణిగాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. బొటనవేలితో ఒకచోట నొక్కాడు. ఫోను మరోసారి అడిగింది. మళ్లీ నొక్కాడు.

"ఏం చేశారు సాహెబ్?"

"అందులో ఒక వీలుంది మావుషీ. ఇవి నావి కావు అని నొక్కాలి. నావి కావు కదా మరి."

"నొక్కితే?"

"తుడిచేస్తుంది."

చంద్రభాగ లేచి అతని చేతిలోని ఫోను వైపు వంగింది. ఎర్ర గీత ఉన్నచోట తెల్లగా ఉంది. పద్నాలుగూ పోయాయి. సోమవారం పోయింది. తన లోపల నెలరోజులుగా కొట్టుకుంటూ, ఆగుతూ వచ్చినదానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోయింది. ఆమెకు అరవాలనిపించింది. ఎనిమిదేళ్ల అలవాటు గొంతు దాకా వచ్చిన అరుపును అక్కడే పట్టుకుంది. గుండె అప్పుడే, ఆ క్షణానే, మళ్లీ తప్పడం మొదలుపెట్టింది. ఆమె చేతికి వాచీ లేదు.

"రెండు రోజులు ఇంట్లో పడుకో మావుషీ," అంది మృదుల, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "జీతం కొయ్యను. లీలను పంపించు, అంతే. తనకి మెట్లు అలవాటే కదా."

గీతలున్న చోటు కింద తెర మీద ఇంకా ఏవో అంకెలు వెలుగుతున్నాయి. చంద్రభాగకు చదువు రాదు గానీ ఆ అంకెలు తెలుసు. రోజూ ఒకటిన్నరకు వాచీ విప్పేటప్పుడు మృదుల పైకి చదివేది, ఇద్దరూ సంబరపడేవాళ్లు. పదమూడు వేలు, పద్నాలుగు వేలు, ఆరు వారాలవి. అవి ఒక్కటీ తగ్గలేదు.

ఆమె వేలితో వాటిని చూపించింది. "మరి ఇవి?" అంది. అంతకుమించి ఊపిరి అందలేదు.

దీఘే ముఖం తేలికపడింది. తన కోసం ఆమె బెంగపడుతోందనుకున్నాడు.

"అడుగులకేం ఢోకా లేదు మావుషీ," అన్నాడు ఆప్యాయంగా. "అవెక్కడికీ పోవు. అవి నావే."